వానలెక్క – ఇంటిలెక్క

ప్రతిదినమును వార్తల తుదిని మేము వానలెక్క చదువుచుందుము. గడచిన ఇరువదినాలుగు గంటలలో గుంటూరున ఇన్ని సెంటీమీటర్లు, బాపట్లలో ఇన్ని, ఒంగోలులో ఇన్ని అని చదివి, గాలి ఏ దిక్కునుండి వీచునో చెప్పి, సెలవు తీసికొందుము. ఏండ్ల తరబడి ఈ అంకెలు మా నోటిమీదుగా పోవుచున్నవి. అయినను నాలుగు సెంటీమీటర్ల వాన యనగా ఒక సంసారమునకు ఎన్ని బిందెల నీరో ఎవరైన నిలదీసి అడిగియుండినచో, ఈ ప్రసంగమునకై కాగితము, కలము పట్టి కూర్చుండువరకు మేమును తడుముకొనవలసిన వారమే.

లెక్క మిక్కిలి సులభము. ఒక చదరపు మీటరు చోటున ఒక మిల్లీమీటరు వాన పడినచో అది సరిగా ఒక లీటరు. నూరు చదరపు మీటర్ల డాబా, అనగా పాతకొలతలో రమారమి 1,075 చదరపుటడుగులు, మధ్యతరగతి ఇంటికి ఉండదగినదే. దానిమీద నాలుగు సెంటీమీటర్లు, అనగా 40 మిల్లీమీటర్లు, కురిసినయెడల 4,000 లీటర్ల నీరు పడినది. పదునైదు లీటర్ల బిందె లెక్కను ఇన్నూట అరువదియారు బిందెలు. ఆ రాత్రి అదంతయు తూములగుండ దూకి వీధి కాలువలో కలిసిపోవును. తెల్లవారి అదే యింటి ఇల్లాలు నాలుగు బిందెలు వరుసపెట్టుకొని కుళాయికడ నిలుచుండును.

ఈ సంగతి మన పెద్దలు ఎరుగనిది కాదు. పాత మండువా లోగిళ్ళలో నాలుగు వైపుల వసారాల చూరులును లోపలికే వాలియుండెడివి. వాన వచ్చినచో ఇంటినడుమనే నాలుగు ధారలు. ఆ ధారలక్రింద గంగాళములు, కాగులు, బానలు పెట్టి నీరు పట్టెడివారు. ఊరిబావి ఉప్పనైనచోట కందిపప్పు ఉడుకుటకు ఈ నీరే శరణ్యము. తలంటి పోసికొనుటకును, బట్టలు నానవేయుటకును దీనినే దాచుకొనెడివారు. చూరునీటిలో సబ్బు నురుగు బాగుగా వచ్చుననుట అమ్మమ్మల మాట మాత్రమే కాదు. వాననీటిలో సున్నపు లవణములు లేకపోవుటయే దానికి కారణము. గుంటూరునకు పడమట కొండవీటి దుర్గమును చూచినవారికి ఇదే సూత్రము మరి పెద్ద కొలతలో కనబడును. పదునాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజులు రాజధానిగా చేసికొన్న ఆ కొండమీదికి ఏ నదియు రాదు, ఏ కాలువయు ఎక్కదు. కొండకప్పు మీద పడిన వానను చెరువులలో నిలిపి, దానితోనే కోటలోని జనము దాహము తీర్చుకొనిరి.

ఆ అలవాటు మనకెట్లు తప్పిపోయినదో చెప్పవలెనన్న మన కాలువల కథ కొంత చెప్పవలయును. 1832–33లో, నందన నామ సంవత్సరమున, ఈ మైదానమును డొక్కల కరవు పట్టినది. గుంటూరు సీమలో లక్షకు పైబడి జనులు మరణించిరి. ఆ తరువాత 1855 నాటికి బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. నూరేండ్లకు, 1955 డిసెంబరు 10న, నాగార్జునసాగరునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న దాని కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ పల్నాటి మీదుగా ప్రకాశము వరకు పారినది. కరవు చచ్చినది, పత్తియు మిరపయు పెరిగినవి, పట్టణములు పెద్దవైనవి. దానితోపాటు నీరనగా ఎక్కడనో దూరమున పుట్టి కాలువలో వచ్చునది యను తలంపు మన మనస్సులలో పాతుకొనిపోయినది. ఆకాశమునుండి నేరుగా మన నెత్తిమీద పడునది మురుగుకాలువ సంగతియై, దానిని ఎట్లు వదలించుకొందుమా యనునదే మన చింతయైనది.

నేడు గుంటూరు నగరమునకు కృష్ణనీరే ఆధారము. తక్కెళ్ళపాడు, సంగం జాగర్లమూడి కేంద్రములలో శుద్ధిచేసి ఆ నీటిని పేటలకు పంపుచున్నారు. ఒంగోలు సంగతి మరికొంత సున్నితమైనది. సాగరు కాలువ పారునప్పుడు వేసవి నిలువ చెరువులను నింపుకొని, కాలువ కట్టివేసినప్పుడు ఆ నిలువతో కాలము గడుపవలయును. సాగరులో మట్టము తగ్గిన ఏట ఒంగోలు కుళాయిలకు వచ్చు నీటిమీద ఆ నీడ పడకపోదు. కుళాయి ప్రతిదినమును రాని పేటలు అక్కడివారికి కొత్త కాదు. బోరు వేసికొందమన్నచో గుంటూరు ప్రాంతమున చాలచోట్ల నీరు ఉప్పన, ఒంగోలునకు పడమట రాయి.

ఇక డాబామీది వాన ఈ కొరతను ఎంతవరకు పూడ్చగలదు? ఇక్కడ మేము ఉత్సాహమును కొంచెము అదుపులో పెట్టుకొనవలసి యున్నది. వాననీటి సేకరణను గూర్చి మాటలాడువారు చాలమంది ఏటి మొత్తమును చెప్పి శ్రోతలను అబ్బురపరచుట మేము విన్నాము. గుంటూరునకు ఏటా సగటున సుమారు 850 మిల్లీమీటర్ల వాన. నూరు చదరపు మీటర్ల కప్పుమీద అది 85,000 లీటర్లు. చిమ్మినది, ఆవిరియైనది, కప్పు పీల్చినది పోగా నూటికి ఎనుబది పాళ్ళు దక్కునని లెక్క, అనగా 68,000 లీటర్లు. అంకె గొప్పదే. కాని నగరవాసికి దినమునకు తలకు 135 లీటర్లు కావలెనని ఇంజనీర్ల ప్రమాణము. అయిదుగురు ఉన్న ఇంటికి దినమునకు 675 లీటర్లు. పై మొత్తమంతయు ఒక్క బొట్టు పోకుండ పట్టినను నూరు దినములు చాలును, అంతకు మించదు. పైగా 68,000 లీటర్లు పట్టు తొట్టి కట్టవలెనన్న ఒక పెద్ద గదియంత చోటు కావలయును. కనుక కుళాయి కట్టివేసి వాననే నమ్ముకొమ్మని మేము చెప్పుట లేదు. స్నానములు, బట్టలు, మరుగుదొడ్డి, ఇవన్నియు మునిసిపాలిటీ నీటితోనే జరుగవలసినవి.

అయినను ఇంటిలో వాడు నీటినంతటిని ఒకే నీరుగా భావించుట పొరపాటు. త్రాగుటకును వంటకును తలకు ఏడు లీటర్లు పెట్టుకొన్నచో ఏ కొరతయు ఉండదు. అయిదుగురికి దినమునకు ముప్పదియైదు లీటర్లు. ఇప్పుడు మన వీధులలో డబ్బానీరుగా అమ్ముచున్నది ఈ నీరే. ఇరువది లీటర్ల డబ్బాలు దినమునకు రెండు, దాదాపుగా. మన ప్రాంతమున డిసెంబరు నడుమనుండి జూను నడుమవరకు నమ్మదగిన వాన లేదు. ఆ కాలము నూట ఎనుబది దినములు. ముప్పదియైదును నూట ఎనుబదితో హెచ్చవేసిన 6,300 లీటర్లు వచ్చును. ఆరున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు, అయిదుంపావు అడుగుల లోతుగల తొట్టి దీనికి సరిపోవును. అది మెట్లక్రింద గాని, వంటయింటి ప్రక్క సందులో గాని ఇముడును. అరువదియెనిమిది వేలు ఊహ, ఆరువేల మూడువందలు ఇటుక, సిమెంటు. మేము చెప్పదలచినది ఈ రెండవ అంకెను గూర్చియే.

ఈ తొట్టి నిండుటకు ఎంత వాన కావలయును? నూరు చదరపు మీటర్ల కప్పుమీద ఎనిమిది సెంటీమీటర్లు చాలును. ఒక్క వాయుగుండము. ఏటి వాన యెంత యనునది ఇందులో ముఖ్యము కాదు, కడపటి వాన ఎప్పుడు యనునదే ముఖ్యము. జూను నుండి సెప్టెంబరు వరకు తొట్టిలో నీరు వచ్చుచు పోవుచు ఉండును. కార్తిక మార్గశిరములలో ఈశాన్యపు వానలు ముగియునాటికి తొట్టి అంచులవరకు నిండియుండవలయును. ప్రకాశము సీమలో ఏటి వానలో దగ్గరదగ్గర సగము ఈ ఈశాన్య ఋతుపవనముదే యని గుర్తుంచుకొన్నచో, నలుబది చదరపు మీటర్ల చిన్న కప్పు గలవారును నిరాశపడనక్కరలేదు. వారికి అదే తొట్టి నిండుటకు ఇరువది సెంటీమీటర్లు కావలయును. మంచి ఏట అంతయు ఈశాన్యములోనే కురియును. వాన తక్కువైన ఏట చిన్నతొట్టితో తృప్తిపడవలయును.

ఈ మాట వ్రాయుచున్నప్పుడు మా మనస్సు కొంత చివుక్కుమనుచున్నది. పట్టణపు తొట్టిని నింపు ఆ కడపటి వానయే పల్లెలో విచ్చిన పత్తిని తడిపి రంగు మార్చును. పూతమీదనున్న మిరపతోటలో నిలిచి వేరు కుళ్ళించును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్లవద్ద తీరము దాటినప్పుడు ఈ మైదానమున జరిగినది అదే. ఆ దినమున మేము చదివిన సెంటీమీటర్లు రైతునకు చావుకబురు వంటివి. వాన ఎవరిని అడిగి రాదు. రైతు ఎట్లును ఆపలేని ఆ నీరు పట్టణములో వీధులు ముంచి పోవుటకంటె తొట్టిలోనికి పోవుట మేలని మాత్రమే మేము అనగలము.

ఇప్పుడు ఇంకుడుగుంట సంగతి. 2000 సంవత్సరమున ‘నీరు–మీరు’ కార్యక్రమము మొదలైన నాటినుండి ఈ మాట తెలుగునాట ప్రతి నోటను ఆడుచున్నది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము, దానినే వాల్టా యందురు, వాననీటి సేకరణకు చట్టబలము కల్పించినది. ఇల్లు కట్టువారు పటములో గుంట చూపుచున్నారు, పెరటిలో త్రవ్వుచున్నారు. మేమును త్రవ్వించితిమి. అయిదడుగుల లోతు, అడుగున పెద్దరాళ్ళు, పైన కంకర, ఆపైన ఇసుక, అంతయు విధిప్రకారమే. మొదటి పెద్దవాన కురిసిన రాత్రి గుంట నిండినది. చాల సంతోషించితిమి. మరునాడు నిండియే యున్నది. మూడవనాడును అంతే. వారము దినములకు దానిలో కప్పలు చేరినవి, దోమలు లేచినవి, ఇరుగుపొరుగువారు మమ్ము చూచు చూపు మారినది.

తప్పు గుంటది కాదు, నేలది కూడ కాదు, నేలను అడుగకుండ గుంట త్రవ్విన మాది. గుంటూరు మైదానమున చాలవరకు నల్లరేగడి. వేసవిలో ఈ నేల అరచేయి దూరునంత బీటలు వారును. చూచినవారు ఎంత నీరైనను త్రాగునని అనుకొందురు. తొలకరి నీరు ఆ బీటలలోనికి దిగును, నిజమే. కాని ఈ మట్టిలోని సన్నని బంకరేణువులు నీటిని పీల్చి ఉబ్బును. ఉబ్బినంతనే బీటలు మూసికొనిపోవును. ఆపైన పడిన నీరు పళ్ళెములో పోసినట్లు పైననే నిలుచును. పత్తికి ఈ గుణము వరము, తడిని నెలల తరబడి పట్టియుంచును. ఇంకుడుగుంటకు అదే శాపము. అంతేకాదు, గోడ ప్రక్కనే గుంట త్రవ్వి నీరు నింపినచో పునాదిక్రింది రేగడి ఒకవైపున ఉబ్బి, వేసవిలో మరల క్రుంగి, గోడలు బీటలు వారును. మా యింటి పడమటి గోడమీద ఒక సన్నని గీత కలదు. అది ఆ గుంట వ్రాసినదే యని మా అనుమానము.

రేగడినేలలో నీరు ఇంకింపవలెనన్న రేగడి పొరను దాటి దిగువనున్న గరుసును గాని, శిథిలమైన రాతిపొరను గాని అందుకొనునట్లు సన్నని బోరు దింపి, దానిలో కంకర నింపి, వడగట్టిన కప్పునీటిని మాత్రమే అందులోనికి విడువవలయును. అదియు పునాదికి పదియడుగులకు తక్కువ గాని దూరమున. వీధినీటిని, పెరటినీటిని ఎంతమాత్రము దానిలోనికి పోనీయరాదు. భూగర్భములోనికి నేరుగా త్రోవ తెరచి మురుగును పంపినవారమగుదుము. ఆ మురుగు ప్రక్కయింటివారి బోరులో తేలును.

బాపట్ల, చీరాల తీరమునకు పోయినచో కథ తారుమారగును. అక్కడ ఇసుకనేల. ఎంత వాన పడినను గడియలో ఇంకిపోవును. ఆ ఇసుకక్రింద సముద్రపు ఉప్పునీటిమీద మంచినీరు తేలియుండును, మజ్జిగమీద వెన్నవలె. ఉప్పునీటికంటె మంచినీరు కొంచెము తేలిక యగుటయే దీనికి హేతువు. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరు నిలిచియున్నచో, దానిక్రింద నలుబది అడుగుల లోతువరకు మంచినీరే ఉండునని శాస్త్రము. దీనికి విపర్యయము కూడ నిజము. పైన ఒక అడుగు తోడివేసినచో క్రిందినుండి ఉప్పు నలుబది అడుగులు పైకి జరుగజూచును. అట్టిచోట ఇంటికప్పు నీటిని బావిలోనికి గాని గుంటలోనికి గాని విడుచుటకంటె ఉత్తమమైన పని లేదు. 2003లో తమిళనాడు ప్రభుత్వము ప్రతి కట్టడమునకును వాననీటి సేకరణను విధిగా చేసినప్పుడు చెన్నపట్టణపు తీరప్రాంతములలో బావులు తేరుకొన్నది ఇందువలననే. అయినను 2019 వేసవిలో ఆ నగరమునకు నీరిచ్చు జలాశయములు ఎండినప్పుడు బండ్లమీద నీరు తెప్పించుకొనక తప్పలేదు. కప్పునీరు నగరపు నీటికి తోడు మాత్రమే.

చెన్నపట్టణములో ఫలించినదని గుంటూరులోను, చీరాలలో ఇంకినదని చిలకలూరిపేటలోను అదే గుంట త్రవ్వుట వైద్యుడు అందరికిని ఒకే మాత్ర ఇచ్చినట్లుండును. రేగడినేలవారు మొదట తొట్టి కట్టుకొని, పొర్లిన నీటిని గూర్చి తరువాత ఆలోచింపవలయును. ఇసుకనేలవారు మొదట బావి నింపుకొనవచ్చును.

మూడవ నేల ఒకటి కలదు, అక్కడ ఈ తొట్టి సౌకర్యము కాదు, అవసరము. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970లో కొత్తజిల్లా ఏర్పడువరకు నెల్లూరు జిల్లాలోనివి. ఆ నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడువలన పండ్లకును ఎముకలకును కలుగు వ్యాధిని గూర్చి షార్టు మొదలగు వైద్యులు 1937లో ప్రచురించిన వ్యాసములు మన దేశమున ఈ విషయమై వెలువడిన తొలి వైద్యరచనలలో చేరినవి. నాటినుండి నేటివరకు ఆ ప్రాంతపు పేరు ఫ్లోరైడుతో ముడివడియే యున్నది. అక్కడి రాతిపొరలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు మెల్లగా నీటిలో కరగును. లీటరునకు ఒక మిల్లీగ్రాము వరకు మేలు, మరి వేరు నీరు లేనిచోట ఒకటిన్నర వరకు సహింపవచ్చునని మన ప్రమాణము. అది దాటిన నీటిని పసితనమునుండి త్రాగినచో స్థిరదంతములు మచ్చలతో మొలచును. ఏండ్ల తరబడి మరింత ఎక్కువగా ఒంటబట్టినచో వెన్ను వంగదు, మోకాలు ముడువబడదు.

ఇందులో ఒక దారుణమైన భ్రమ కలదు. నీరు కాచి త్రాగినచో రోగములు రావని మనము అందరికి చెప్పుచుందుము. మేమును ఎన్నోమారులు చెప్పితిమి. సూక్ష్మజీవుల విషయమున అది సత్యము. ఫ్లోరైడు కాచినందువలన పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. బిడ్డకు శ్రద్ధగా కాచి పోయు తల్లి తెలియక కీడు చేయుచున్నది. వాననీటిలోనో, ఫ్లోరైడు ఉండదనియే చెప్పవచ్చును. అది రాతిని తాకి రాలేదు గదా. నీటిశుద్ధి యంత్రములు ఊరూర వెలసినవి, అవి మంచిపనియే చేయుచున్నవి. కాని అవి శుద్ధినీటితోపాటు మరికొంత నీటిని పారవేయును, కరెంటు కోరును, పొరలు మార్చుటకు సొమ్ము కోరును. కప్పుక్రింది తొట్టి ఇవేవియు కోరదు. ఇల్లంతటికిని చాలునంత తొట్టి కట్టలేనివారు ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు మాత్రమైనను, వారి త్రాగునీటికిని వారి వంటకును చాలునంత వాననీరు నిలువచేసికొనవచ్చును. స్థిరదంతములు లోపల రూపుదిద్దుకొనునది ఆ వయస్సులోనే.

ఇక పని విషయము. మన డాబాలు వేసవియంతయు ఖాళీగా ఉండవు. ఎండుమిరపకాయలు, మాగాయ ముక్కలు, వడియములు, అప్పడములు, అన్నియు అక్కడనే ఎండును. పావురములు, కోతులు సరేసరి. కనుక రోహిణికార్తె ముగియకముందే డాబాను చీపురుతో ఊడ్చి నీటితో కడుగవలయును. తూములకు సన్నని జల్లెడ బిగింపవలయును. పొలములకు ఆనుకొనియున్న ఇండ్లవారికి మరియొక హెచ్చరిక. పత్తికిని మిరపకును మందు కొట్టు నెలలలో ఆ తుంపర గాలికి వచ్చి కప్పుమీద వాలును. వారు ప్రతి వానలోను తొలినీటిని విడిచివేయవలయును. మందుపంపులను డాబామీద దాచరాదు. ఖాళీయైన పురుగుమందు డబ్బాలు, పీపాలు ఎంత తోమి కడిగినను నీటికి పనికిరావు. ఈ ఒక్క మాట మేము ఎన్నిమారులు చెప్పినను అధికము కాదు. రేకుల కప్పులలో ఇనుపరేకు ఫరవాలేదు, ఆస్‌బెస్టాసు రేకుల నీటిని త్రాగుటకు పట్టకుండుటయే మేలు. తాటాకు కప్పునీరు రంగు దిగును. అది తోటకు పోయవచ్చును.

తొలినీటిని విడుచుటకు తాపీమేస్త్రులు ఒక నాలుగంగుళముల గొట్టమును మూడడుగులు క్రిందికి దించి దానికి మూత బిగించి, పని అయినదందురు. మీటరు పొడవున ఆ గొట్టము పట్టునది ఎనిమిది లీటర్లు. నూరు చదరపు మీటర్ల కప్పుమీద మొదటి ఒక్క మిల్లీమీటరే నూరు లీటర్లు. ఎనిమిది లీటర్లు విడిచి తక్కిన తొంబదిరెండు లీటర్ల కడుగునీటిని తొట్టిలోనికి పంపుట పాయసములో పిడికెడు మట్టి తక్కువ వేసినట్లు. రెండువందల లీటర్ల పీపా ఒకటి ముందు నిలిపి, అది నిండిన తరువాతనే నీరు వడపోతకు పోవునట్లు గొట్టము కలుపవలయును. అదియు చేతకానిచో వాన మొదలైన పది పదునైదు నిమిషములు గొట్టపు మూతిని వీధివైపు త్రిప్పి ఉంచవలయును. ఇంటిలో మెలకువగా ఉన్నవారెవరో ఒకరు లేచి దానిని త్రిప్పవలసియుండును. రాత్రివానలకు ఇది కొంచెము కష్టమే.

వడపోత గదిలో అడుగున గులకరాళ్ళు, నడుమ సన్నకంకర, పైన ముతక ఇసుక. ఏటికొకమారు ఇసుకను తీసి కడుగవలయును. తొట్టిని నేలలో పాతుట చూచుటకు బాగుండును గాని నల్లరేగడిలో ఇటుకతొట్టి నిలువదు. ఉబ్బు నేల దాని గోడలను నొక్కి చీల్చును. నేలపైననే కట్టినచో డాబా ఎత్తునుండి నీరు తనంతట దిగును, కుళాయి త్రిప్పి పట్టుకొనవచ్చును, పంపుతో పని లేదు. ఇనుపతీగెల వలమీద సిమెంటు పూసి కట్టు పలుచని గోడల తొట్టి దీనికి మిక్కిలి అనుకూలము. కొత్త సిమెంటు తొట్టిలోని మొదటి నీరు సున్నపు రుచి కొట్టును, దానిని కడుగుళ్ళకు వాడి పారవేయవలయును. కుళాయిని అడుగునకు నాలుగంగుళములు పైన బిగించినచో మడ్డి రాదు. వెలుతురు పోనిచ్చినచో పాచి పట్టును. సందు విడిచినచో దోమ దూరును. పట్టణములలో మలేరియా, డెంగ్యూ దోమలు పెరుగునది మూతలేని మంచినీటి తొట్టులలోనే. పొర్లుగొట్టమునకు, గాలిగొట్టమునకు సన్నని వల తప్పనిసరి. వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మంచి బ్లీచింగు పొడిని నీటిలో కలిపి తేర్చి, ఆ తేటను తొట్టిలో పోయవలయును. గంట గడచిన తరువాత నీరు వాడుకొనవచ్చును. పసిపిల్లలున్న యింట కాచుకొనుట మరియును మేలు. ఈ నీటిని కాచుట వలన నష్టము లేదు.

ఇవన్నియు మనము కొత్తగా కనిపెట్టినవి కావు. అట్లాంటిక్ సముద్రములోని బెర్ముడా దీవులలో నదులు లేవు. ఇల్లు కట్టువాడు కప్పునీటిని పట్టి నిలువచేయు తొట్టినికూడ కట్టితీరవలెనని అక్కడి చట్టము. మెట్లు మెట్లుగా కట్టిన తెల్లని కప్పులు, ఇంటిక్రింద తొట్టి, తరతరములుగా ఆ ప్రజలు ఆ నీటినే త్రాగుచున్నారు. అక్కడ కప్పుమీద చెత్త వేసినవాడు తన గిన్నెలో తానే వేసికొన్నట్లు. మనకు డాబా యింకను సామాను పెట్టుకొను చోటు మాత్రమే.

అద్దె యిండ్లవారు మమ్ము తప్పక ఒక ప్రశ్న అడుగుదురు. తొట్టి కట్టుటకు ఇల్లు మాది కాదు, ఇంటివారు ఒప్పుకొనరు, మేమేమి చేయవలెనని. వారు మూతగల రెండువందల లీటర్ల కొత్తపీపా ఒకటి కొని, తూము గొట్టము క్రింద ఇటుకలమీద నిలిపి, మూతికి రెండు మడతల పలుచని బట్ట కట్టి, తొలినీరు పోయిన తరువాత నింపుకొనవచ్చును. నిండిన వెంటనే బట్టమీద మూత బిగింపవలయును. అయిదుగురి త్రాగునీటికి, వంటకు అది అయిదు దినములు వచ్చును. ఇల్లు మారునప్పుడు పీపాను బండిమీద వేసికొని పోవచ్చును.